మూలకణాల మార్పిడి తర్వాత వ్యాయామం: వార్డులో రోజూ వినే అపోహలు

"మేడం, నిన్ననే కదా సెల్స్ ఎక్కించారు. ఇవాళే నడిపిస్తే అవి కుదురుకుంటాయా?" అని అడిగిందో తల్లి, కొడుకు కాళ్ల మీద దుప్పటి సర్దుతూ. బోన్‌మ్యారో ట్రాన్స్‌ప్లాంట్ (మూలకణాల మార్పిడి) వార్డులో ఫిజియోథెరపిస్టుగా నేను ఎక్కువసార్లు జవాబు చెప్పిన ప్రశ్న ఇదే.

అపోహ: కదిలితే ఎక్కించిన కణాలు నిలవవు

మార్పిడి అనగానే కోత, కుట్లు గుర్తొస్తాయి. ఇక్కడ పేషెంటుకు ఆపరేషనే ఉండదు. రక్తం ఎక్కించినట్టే సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి వేసిన గొట్టం) గుండా, రక్తాన్ని తయారుచేసే మూలకణాలు లోపలికి వెళ్తాయి. ఎముకల్లోని మూలుగకు దారి అవే వెతుక్కుంటాయి. మీరు పడుకున్నా, నడిచినా ఆ దారి మారదు. పేషెంటు నుంచే ముందుగా తీసి దాచిన సొంత కణాలైతే సుమారు 10-14 రోజుల్లో, దాత కణాలైతే రెండు నుంచి నాలుగు వారాల్లో తెల్ల రక్తకణాలు మళ్లీ పెరగడం మొదలవుతుంది.

అపోహ: మంచం దిగకపోతేనే బలం వస్తుంది

నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఇదే. ఆరోగ్యంగా ఉన్న పెద్దవయసువాళ్లను 10 రోజులు మంచం మీదే ఉంచి చూసిన అధ్యయనం ఒకటి 2007లో వచ్చింది. జబ్బేమీ లేకుండానే వాళ్ల కాళ్లలో దాదాపు కిలో కండ తగ్గింది. మా పేషెంట్లకు దానికి తోడు కీమో, జ్వరం, నోటిపూతతో ముద్ద దిగకపోవడం. ఇన్ని ఉన్నప్పుడు ఏమవుతుందో ఊహించుకోండి. సెలైన్ ఎక్కిస్తే బలం వస్తుందని మనవాళ్లకు గట్టి నమ్మకం. సెలైన్‌తో తొడల్లో కండ రాదు.

1990లలో జర్మనీలో డిమేయో అనే పరిశోధకుడి బృందం, సొంత మూలకణాలు ఎక్కించుకున్న పేషెంట్ల చేత మంచం మీద పడుకునే పెడల్స్ తొక్కించింది. ఒక నిమిషం తొక్కడం, ఒక నిమిషం ఆగడం, అలా రోజుకు అరగంట. తొక్కినవాళ్లు శక్తిని తక్కువ కోల్పోయారు, ఇంటికీ త్వరగా వెళ్లారు.

మా వార్డులో ఇంకా చిన్నగా మొదలుపెడతాం. మంచం అంచున కూర్చోబెట్టి కాళ్లు కిందికి దించుతాను. రెండు నిమిషాలు ఆగి, కళ్లు తిరగడం లేదంటేనే లేపుతాను. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవాలి. తర్వాత సెలైన్ స్టాండు తోసుకుంటూ తలుపు దగ్గర్నుంచి కిటికీ దాకా నడక. ఆ గదిలో పన్నెండు అడుగులు! నడుస్తూ నాతో కబుర్లు చెప్పగలిగితే వేగం సరిపోయినట్టు. మాట మాటకీ ఊపిరి కోసం ఆగుతుంటే తగ్గిస్తాం.

అపోహ: ప్లేట్‌లెట్లు తగ్గితే వేలు కూడా కదపకూడదు

ఎంత చేయాలో ఆ రోజు రిపోర్టు చూసే నిర్ణయిస్తాం. 50,000 దాటితే తేలికపాటి బరువులు ఎత్తొచ్చు. 20,000 నుంచి 50,000 మధ్య నడక, రబ్బరు బ్యాండు లాగే వ్యాయామం సరిపోతాయి. 10,000 లోపు పడిపోతే డాక్టరును అడగకుండా నేనేమీ మొదలుపెట్టను. ఈ హద్దులు ఆసుపత్రిని బట్టి కొద్దిగా మారతాయి. ఎక్కడైనా రక్తం కారుతున్నా, జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, ఛాతీలో నొప్పి ఉన్నా ఆ రోజుకు సెలవు. ఊపిరి బిగబట్టి ముక్కుతూ బరువులెత్తడం ప్లేట్‌లెట్లు తక్కువున్న రోజుల్లో అస్సలు వద్దు.

అపోహ: యోగా అయితే ఏదైనా చేసేయొచ్చు

మైలోమా అనే మూలుగ క్యాన్సర్‌లో వెన్నుపూసలు బోలుబడి ఉండొచ్చు. అలాంటివారు సూర్యనమస్కారాల్లోలా నడుం వంచి పాదాలందుకోబోతే పూస నలిగిపోయే ప్రమాదం ఉంది. ప్లేట్‌లెట్లు తక్కువున్నవారికి శీర్షాసనం, కపాలభాతి రెండూ వద్దు. నెమ్మదిగా గాలి పీల్చి వదిలే శ్వాస అభ్యాసాలు మాత్రం హాయిగా చేసుకోండి.

అపోహ: ఇంటికెళ్లాక వాకింగ్ ఒక్కటి చాలు

"రోజూ నడుస్తూనే ఉన్నా మేడం. కింద కూర్చుంటే మాత్రం లేవలేకపోతున్నా" అన్నారో రైతు, తమ్ముడి కణాలు ఎక్కించుకున్న మూడు నెలలకు. భోజనానికి కింద కూర్చుంటే భార్య చంకల కింద చేతులేసి లేపాల్సి వస్తోందట. దాత కణాలు ఒక్కోసారి పేషెంటు ఒంటినే పరాయిదనుకుని దాడి చేస్తాయి. దాన్ని జీవీహెచ్‌డీ అంటాం. ఆయనకు దానికి స్టెరాయిడ్లు నడుస్తున్నాయి. అవి ముందు దెబ్బతీసేది తొడలు, పిరుదులు, భుజాల కండరాలనే. ఆ బలం నడక ఒక్కదానితో తిరిగి రాదు. కుర్చీలోంచి లేవడం, ఒక మెట్టు ఎక్కి దిగడం, బ్యాండు లాగడం వారానికి రెండు మూడు రోజులైనా చేయాలి. స్టెరాయిడ్లు వాడేవాళ్లకు గజ్జల్లో నొప్పి మొదలైతే "నడిస్తే అదే పోతుంది" అనుకోవద్దు. తుంటి ఎముకకు రక్తప్రసరణ తగ్గి ఉండొచ్చు, డాక్టరుకు చూపించాలి.

ఆయన నడిచేది ఎక్కడని అడిగితే, గడ్డివాము పక్కనుంచి పశువుల పాక దాకా అన్నారు! ఎండుగడ్డి దుమ్ములో ఫంగస్ ఉంటుంది, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడుతున్న మనిషి ఊపిరితిత్తుల్లోకి అది వెళ్లకూడదు. ఎండ తగిలితే చర్మం మీద జీవీహెచ్‌డీ రేగొచ్చు కూడా. అందుకే నడకను తెల్లవారుజామున డాబా మీదికి మార్పించాను. ఆ మందులు ఆపేదాకా రద్దీ జిమ్ములు వద్దు, ఈతకొలను సంగతి సరేసరి.

రెండు నెలల తర్వాత ఓపీకి వచ్చినప్పుడు చెప్పులు పక్కన విడిచి, నా ఎదురుగా నేల మీద కూర్చుని లేచి చూపించారు. ఎవరూ పట్టుకోలేదు, కుడిచెయ్యి మాత్రం మోకాలి మీద ఆనింది. వచ్చేసారికి ఆ చెయ్యి కూడా తీయిస్తాను.