పాస్‌కి ఇద్దరు, షాట్‌కి ఒక్కడే

బాస్కెట్‌బాల్ ఆటగాడు రికీ రూబియో ఎడమవైపు చూస్తాడు, తల కూడా అటే తిప్పుతాడు. బంతి మాత్రం కుడివైపు ఇద్దరు డిఫెండర్ల సందులోంచి నేలకి తగిలి లేచి, తన జట్టువాడి చేతిలో పడుతుంది. పద్నాలుగేళ్ళకే స్పెయిన్ లీగ్‌లో, 17 ఏళ్ళకి 2008 బీజింగ్ ఒలింపిక్స్ ఫైనల్లో ఆడిన పాయింట్ గార్డ్ అతను, అంటే పాస్‌లతో జట్టు ఆటని నడిపించేవాడు. అదే మనిషి షాట్ వేస్తే? అమెరికా లీగ్ ఎన్‌బీఏలో వేసినవాటిలో పడ్డవి దాదాపు 39 శాతమే.

అంత గురి ఉన్న చేతికి రింగు ఎందుకు దొరకదు?

తిరకాసంతా ‘గురి’ అనే మాటలోనే ఉంది. రింగు అడ్డకొలత 45.7 సెం.మీ., బంతిది సుమారు 24. బోలెడు చోటున్నట్టే ఉంటుంది. కానీ బంతి ఏటవాలుగా దిగుతుంది. గుండ్రటి మూతని వాలుగా చూస్తే కోలగా కనబడ్డట్టు, 45 డిగ్రీల్లో వచ్చే బంతికి ఆ రింగు 32 సెం.మీ. సందు. 32 డిగ్రీల్లో వస్తే బంతికీ సందుకీ తేడాయే ఉండదు. ఇక 7.24 మీటర్ల దూరం నుంచి వేసిన బంతి రింగుని తాకకుండా పడాలంటే పక్కలకి ఒక్క డిగ్రీ కూడా తప్పకూడదు.

పాస్ అలా కాదు. బంతి జానెడు పక్కకి పోయినా అందుకునేవాడు చెయ్యి చాపుతాడు, అడుగేస్తాడు, ఎగురుతాడు. విసిరినవాడి పొరపాటుని అవతలివాడు సర్దేస్తాడు. రింగు ఎవరికోసమూ జరగదు.

కాబట్టి పాస్‌లో అసలు పని చేతిది కాదు, ఎప్పుడు ఎక్కడికి అని తేల్చుకునే బుర్రది. 1980లో ఫ్రాన్ అల్లార్డ్ పరిశోధక బృందం బాస్కెట్‌బాల్ ఆట ఫొటోలు కాసేపు చూపించి, ఎవరెక్కడున్నారో చెప్పమంది. వ్యూహం ప్రకారం నడుస్తున్న ఆటైతే ఆటగాళ్ళు మిగతావాళ్ళకంటే బాగా చెప్పారు. వ్యూహం లేని దృశ్యంలో ఆ పైచెయ్యి పోయింది. మనం అక్షరాలు కూడబలుక్కోకుండా మాటని మాటగా చదివినట్టు, వాళ్ళు కోర్టుని చదువుతారన్నమాట.

షాట్‌కి కావలసిన చూపు వేరు. ఫ్రీ త్రో (ఎవరూ అడ్డురాకుండా నిలబడి వేసే షాట్) బాగా వేసేవాళ్ళు బంతి వదిలేముందు రింగు మీద చూపు ఎక్కువసేపు నిలుపుతారని 1996లో పరిశోధకురాలు జోన్ వికర్స్ గమనించారు. పాస్ ఇచ్చేవాడి చూపు నిలిచిందంటే డిఫెండర్ పసిగట్టేస్తాడు. ఏళ్ళతరబడి చూపు దాచడం నేర్చినవాడికి దాన్ని నిలపడం కష్టమేమో. ఇది నా అనుమానమే సుమా!

అదీ పూర్తిగా నిలబడదు, ఎందుకంటే ఎన్‌బీఏలో రూబియో ఫ్రీ త్రోలు సుమారు 84 శాతం పడ్డాయి. చేతిలో లోపం లేదు, చూపు కూడా నిలుస్తోంది. ఎవరూ మీదికి రాని చోట, కాళ్ళు కుదురుగా ఉంటే సరే. పరుగాపి, బంతి పట్టి, సెకనులోపు లేవాల్సినప్పుడే పాదాల నుంచి మణికట్టుదాకా సాగే కదలికల వరస చెదురుతుందేమో.

డిఫెండర్లకి ఈ లెక్కలు కంఠతా. షాట్ రానివాడి దగ్గరికి పోరు, రెండడుగులు వెనక్కి జరిగి పాస్ దారిలో నిలబడతారు. అంత ఇరుకులోంచీ బంతి దూర్చడం గొప్పే మరి.

ఇంకో ఎన్‌బీఏ పాయింట్ గార్డ్ జేసన్ కిడ్‌ని కుర్రతనంలో ‘ఏసన్’ అని వెక్కిరించేవాళ్ళు. జంప్ షాట్ లేదు గనక పేరులో ‘జే’ ఎగరగొట్టారు. మొదటి సీజన్లో అతను దూరపు గీత అవతలనుంచి వేసిన మూడు పాయింట్ల షాట్లు 27 శాతమే పడ్డాయి. డాలస్‌లో చివరి ఏళ్ళలో పరుగు తగ్గించి, ఎక్కువగా ఆ గీత దగ్గర నిలబడి, ఇంకొకరిచ్చిన పాస్ అందుకుని వేసేవాడు. 2013లో రిటైరయ్యేనాటికి 12,091 అసిస్టులు (జట్టువాడి షాట్ పడేలా చేసిన పాస్‌లు), 1,988 మూడు పాయింట్ల షాట్లు. ఆ రెండో అంకె అప్పటికి లీగ్ చరిత్రలో మూడోది.