ఐదో నెలలో ఫ్లూ సూది

నాకు రెండో తరగతి నుంచీ ఉబ్బసం. తిరుపతిలోనే పుట్టి పెరిగాను కాబట్టి ఈ ఊళ్లో ఏ నెలలో ఊపిరి ఎందుకు పట్టేస్తుందో నాకు అలవాటే. మేలో గంగమ్మ జాతర రోజుల దుమ్ము, అక్టోబరు దాటాక ముసురు పట్టి గోడలకెక్కే చెమ్మ, ధనుర్మాసం తెల్లవారుజామున కొండవైపు నుంచి వచ్చే చలిగాలి. బ్యాగులో ఇన్‌హేలర్ లేకుండా గడప దాటను. కడుపుతో ఉండి ఐదో నెలలో చెకప్‌కి వెళ్లినప్పుడు డాక్టరమ్మ, "నీకు ఆస్తమా కూడా ఉంది కదమ్మా, ఫ్లూ వ్యాక్సిన్ వేయించుకుంటే మంచిది, ఇంట్లో మాట్లాడుకుని రా" అన్నారు. ఇంట్లో మాట్లాడాకే నాకు టెన్షన్ మొదలైంది.

"ధనుర్వాతం సూదులు రెండూ వేయించుకున్నావు కదా, మళ్లీ ఈ కొత్తది ఎందుకు?" అన్నారు అత్తయ్య. చిత్తూరు నుంచి అమ్మ ఫోన్ చేసి, "నీకసలే ఆయాసం పాపా, ఆ సూది పడక ఊపిరాడకపోతే ఏం చేస్తావు?" అంది. మా ఆయన ఏమీ అనలేదు గానీ, గర్భం పోతుందేమో అని ఎక్కడో చదివి లోపల్లోపలే భయపడుతున్నారని రెండు రోజుల తర్వాత తెలిసింది. ఇవి కొట్టిపారేయాల్సిన మాటలు కావు. ఒక్కోదానికీ జవాబు వెతుక్కుంటూ పది రోజులు చదివాను, డాక్టరమ్మను మళ్లీ మళ్లీ అడిగాను. అదంతా ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే క్లినిక్ బెంచీ మీద నా పక్కన కూర్చున్న వాళ్లలో చేతిసంచిలో ఇన్‌హేలర్ పంపు పెట్టుకుని వచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు.

ముందు ఒక విషయం. మనం ఫ్లూని పడిశం లెక్కలో వేసేస్తాం. ముక్కు కారి, నాలుగు తుమ్ములు తుమ్మి, మిరియాల కషాయంతో తగ్గిపోయేది పడిశం. ఇన్‌ఫ్లుయెంజా వైరస్ తెచ్చే జ్వరం వేరు. పొద్దున బాగానే ఉన్న మనిషి సాయంత్రానికి ఒళ్లు విరిచేసినట్టయి మంచమెక్కుతాడు, జ్వరం నాలుగైదు రోజులు ఉంటుంది, దగ్గు వారాల పాటు వదలదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు చాలామంది దాన్నుంచి బయటపడతారు. కడుపుతో ఉన్నప్పుడు మాత్రం ఊపిరి దగ్గర మనకు మిగులు ఉండదు, ఆ సంగతి చదివేదాకా నాకూ తెలీదు.

బిడ్డ పెరిగేకొద్దీ గర్భాశయం పైకి తోస్తుంది. ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రం అనే కండరం నెలలు నిండేసరికి సుమారు 4 సెంటీమీటర్లు పైకి జరుగుతుంది. మామూలుగా గాలి వదిలేశాక కూడా ఊపిరితిత్తుల్లో కొంత గాలి మిగిలే ఉంటుంది, ఇబ్బంది వచ్చినప్పుడు కాసేపు ఆదుకునేది అదే. అది దాదాపు 20 శాతం తగ్గిపోతుంది. మరోపక్క ఒంటికి కావాల్సిన ఆక్సిజన్ 20 శాతం పెరుగుతుంది, గుండె మామూలు కంటే మూడో వంతుకు పైగా ఎక్కువ రక్తం తోయాల్సి వస్తుంది. అంటే ఖర్చు పెరిగి, దాచుకున్నది తగ్గిన ఇల్లు లాంటిది ఒళ్లు. దానికి ఉబ్బసం కూడా తోడైతే గాలి వెళ్లే దారులే వాచి ఇరుకవుతాయి. మాలాంటి వాళ్లకు ఎటాక్ తెచ్చే కారణాల్లో దుమ్ము కంటే, చలి కంటే ముందు వరుసలో ఉండేవి జలుబు, ఫ్లూ వైరస్‌లే. లోపల ఉన్న బిడ్డ సొంతంగా ఊపిరి పీల్చదు, మాయ గుండా నా రక్తంలోంచి వచ్చే ఆక్సిజనే దానికి దిక్కు. అందుకే గర్భిణికి రక్తంలో ఆక్సిజన్ 95 శాతం కంటే తగ్గకూడదని డాక్టర్లు పట్టుబడతారు.

ఇది ఊహ కాదు. మన దేశంలో కోటికి పైగా ప్రాణాలు తీసిన 1918 నాటి ఫ్లూ గురించి చదువుతుంటే, అప్పట్లో అమెరికాలో ఫ్లూ సోకిన 1350 మంది గర్భిణుల వివరాలు సేకరించిన లెక్క ఒకటి కనబడింది. అందులో 27 శాతం చనిపోయారు. అది వందేళ్ల కిందటి మాట, ఆక్సిజన్ సిలిండర్లు, ఐసీయూలు లేని కాలం అనుకోవచ్చు. మరి 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు, మన హైదరాబాద్‌లోనే దేశంలో మొదటి కేసు బయటపడిన ఏడాది, అదే అమెరికాలో జనాభాలో గర్భిణులు ఒక శాతం ఉంటే, చనిపోయినవాళ్లలో 5 శాతం వాళ్లే. ఆ తర్వాత 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఫ్లూ టీకా ఇవ్వాలనుకునే దేశాలు అందరికంటే ముందు గర్భిణులకు ఇవ్వాలని చెప్పింది. మన ఆరోగ్య మంత్రిత్వ శాఖ మార్గదర్శకాలూ గర్భిణులకు సిఫారసు చేస్తున్నాయి.

ఇక అమ్మ ప్రశ్న. ఈ సూది పడక ఆయాసం ఎక్కువైతే? నన్ను ఎక్కువ భయపెట్టింది ఇదే, ఎక్కువసేపు చదివిందీ దీని గురించే.

చేతికి వేసే ఫ్లూ టీకాలో బతికున్న వైరస్ ఉండదు. ఎక్కువగా కోడిగుడ్లలో వైరస్‌ని పెంచి, రసాయనంతో చంపి, ముక్కలు చేసి, శుద్ధి చేసి, పైపొర ముక్కల్ని సూదిమందుగా ఇస్తారు. దాని వల్ల ఫ్లూ రావడం కుదరదు. ముక్కులో చల్లే ఇంకో రకం ఉంది, అందులో బలహీనపరిచిన బతికున్న వైరస్ ఉంటుంది, దాన్ని గర్భిణులకు ఇవ్వరు. అందుకే ఎక్కడ వేయించుకున్నా అది చంపిన వైరస్‌తో చేసిన సూదిమందేనా అని నోరు తెరిచి అడగాలి.

కానీ అమ్మ అడిగింది ఫ్లూ వస్తుందా అని కాదు, ఆయాసం వస్తుందా అని. అమెరికాలో ఉబ్బసం ఉన్న 2032 మంది మీద చేసిన పరీక్ష ఫలితాలు 2001లో వచ్చాయి. ఒక్కొక్కరికీ రెండు సూదులు వేశారు, ఒకటి అసలు టీకా, ఇంకోటి మందు లేని ఉత్తది, మధ్యలో సగటున మూడు వారాల ఎడం. ఏది ముందు వేశారో వేసుకున్నవాళ్లకూ తెలీదు, చూసే డాక్టర్లకూ తెలీదు. సూది వేసిన రెండు వారాల్లో ఎంతమందికి ఉబ్బసం ఎక్కువైందో లెక్కపెడితే అసలు టీకా తర్వాత 28.8 శాతం, ఉత్త సూది తర్వాత 27.7 శాతం. దాదాపు ఒకటే. టీకా తర్వాత కాస్త ఎక్కువ కనబడింది ఒళ్లునొప్పులు మాత్రమే.

ఈ అంకెల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఉత్త సూది వేసుకున్నవాళ్లలో కూడా నలుగురిలో ఒకరికి పైగా ఆయాసం పెరిగింది! మరి మా జబ్బు తీరే అంత, ఏ రెండు వారాలు తీసుకున్నా మాలో చాలామందికి ఏదో ఒక రాత్రి పిల్లికూతలు వినబడతాయి. సూది వేయించుకున్న వారంలో అలా వస్తే ఇంటిల్లిపాదీ సూదినే తిడతారు. వేయించుకోని వారంలో వస్తే చలిగాలినో, పెరుగన్నాన్నో తిడతారు. మా పిన్నికి "అప్పుడు సూది వల్లే అయింది" అన్న కథ ఒకటి ఉంది, అది అబద్ధమని నేననను, ఆమెకు నిజంగానే ఆయాసం వచ్చింది. వచ్చిన కారణం సూదేనా అన్నది తేల్చాలంటే ఇలా ఉత్త సూది కూడా పక్కన పెట్టి చూడాల్సిందే, ఇంకో దారి లేదు. ఆ పరీక్ష ప్రత్యేకంగా గర్భిణుల మీద చేసింది కాదు, నిజమే. అయినా ఉబ్బసం ఉన్నవాళ్ల గాలి గొట్టాలను ఈ టీకా రెచ్చగొడుతుందా అన్న ప్రశ్నకు అంతకంటే సూటి జవాబు నాకు దొరకలేదు.

గర్భం పోతుందేమో అన్న భయానికీ ఒక మూలం ఉంది, దాన్ని దాచడం నాకిష్టం లేదు. 2017లో అమెరికా నుంచి వచ్చిన ఒక అధ్యయనంలో, వరసగా రెండేళ్లు ఒక రకం ఫ్లూ టీకా వేసుకున్నవాళ్లలో తొలి నెలల గర్భస్రావాలు ఎక్కువగా ఉన్నట్టు కనబడింది. అంతకుముందు చాలా అధ్యయనాల్లో అలాంటిది కనబడలేదు. వాళ్లు దాన్ని పక్కన పడేయకుండా, తర్వాతి మూడు సీజన్ల లెక్కలు తీసుకుని ఇంకా ఎక్కువమందితో మళ్లీ చూశారు. 2019లో వచ్చిన ఆ ఫలితంలో అలాంటి సంబంధమేదీ లేదు. నేను అప్పటికే ఐదో నెలలో ఉన్నాను, తొలి నెలల గండం దాటేశాను, అయినా మా ఆయనకు ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపించాకే ఆయన ముఖంలో బిగువు తగ్గింది. తొలి మూడు నెలల్లో ఉన్నవాళ్లకు ఒక్క మాట చెప్పాలి: ఆ నెలల్లో బాగా కాసే జ్వరం కూడా బిడ్డకు మంచిది కాదు, బిడ్డ వెన్ను, మెదడు ఏర్పడే సమయం అది.

అత్తయ్య వాళ్లింట్లో గుడ్డు ముట్టరు. గుడ్లలో పెంచుతారని నేనే చెప్పాను, దాచలేదు. కాసేపు ఆలోచించి "మందుకి మడి లేదమ్మా" అన్నారు, అంతే, మళ్లీ ఆ ఊసెత్తలేదు. గుడ్డు పడనివాళ్లు కూడా ఇప్పుడు దీన్ని వేయించుకోవచ్చనే చెబుతున్నారు. ఇదివరకు ఫ్లూ టీకా వేసినప్పుడే ఒళ్లంతా దద్దుర్లెక్కి ఊపిరి ఆగినంత పనైనవాళ్లు మాత్రం వేయించుకోకూడదు. గట్టి జ్వరంతో ఉన్నవాళ్లు తగ్గేదాకా ఆగాలి.

అత్తయ్య అసలు ప్రశ్న మిగిలే ఉంది: ధనుర్వాతానిది వేసుకున్నాం కదా, ఇదెందుకు? ఆ సూది గురించి మన ఇళ్లలో ఎవరూ భయపడరు, ఎందుకంటే ఏఎన్ఎం నర్సమ్మ చేతుల మీదుగా, కార్డులో రాసి, ఉచితంగా, మూడు తరాలుగా వస్తోంది. ఫ్లూది జాతీయ టీకాల పట్టికలో లేదు, బయట కొనుక్కోవాలి, వెయ్యి రూపాయలు దాటుతుంది. డబ్బు పెట్టి కొనేదనగానే ఇది ఆసుపత్రి వాళ్ల వ్యాపారమేమో అనిపిస్తుంది, నాకూ అనిపించింది. ఉబ్బసం ఉన్న గర్భిణులకైనా దీన్ని సర్కారు ఆసుపత్రుల్లో ఉచితంగా ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం. కూలికి వెళ్లే మనిషికి ఆ వెయ్యి రూపాయలు చిన్న మొత్తం కాదు.

నేను సరే అనడానికి అసలు కారణం నా ఊపిరి ఒక్కటే కాదు. పుట్టిన బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా ఫ్లూ టీకా వేయరు. ఆ ఆరు నెలల్లో ఫ్లూ వస్తే పసిగుడ్డు ప్రాణానికి చాలా ప్రమాదం. కడుపులో ఉండగా తల్లికి టీకా వేస్తే, తల్లి ఒంట్లో తయారైన యాంటీబాడీలు (వైరస్‌తో పోరాడే ప్రోటీన్లు) మాయ దాటి బిడ్డలోకి వెళతాయి, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో. బంగ్లాదేశ్‌లో 340 మంది తల్లులతో చేసిన పరీక్ష 2008లో అచ్చయింది. సగం మందికి గర్భంలో ఉండగా ఫ్లూ టీకా, మిగతావాళ్లకు వేరే టీకా ఇచ్చారు. ల్యాబ్‌లో తేలిన ఫ్లూ, మొదటి జట్టు పిల్లల్లో 63 శాతం తక్కువ. మన వాతావరణం, మన లాంటి ఇరుకు ఇళ్లు ఉన్న చోట చేసిన పరీక్ష కాబట్టి నాకు దాని మీద ఎక్కువ నమ్మకం కుదిరింది. తర్వాత దక్షిణాఫ్రికాలో చేసిన దాంట్లో తల్లులకూ పిల్లలకూ రక్షణ సగం దాకా వచ్చింది.

సగమే. దీన్ని పెద్దది చేసి చెప్పను. ఫ్లూ వైరస్ ఏటా వేషం మారుస్తుంది, డబ్ల్యూహెచ్‌ఓ ఏడాదికి రెండుసార్లు కూర్చుని రాబోయే సీజన్‌కి ఏ రకాలు వేయాలో అంచనా కడుతుంది, అంచనా బాగా కుదిరిన ఏడు కూడా రక్షణ 40 నుంచి 60 శాతమే. (ఇదివరకు నాలుగు రకాలు కలిపేవాళ్లు. ఫ్లూ వైరస్‌ల బి తరగతిలో ఒక వంశం 2020 మార్చి తర్వాత ప్రపంచంలో ఎక్కడా కనబడకపోవడంతో ఇప్పుడు మూడు చాలంటున్నారు.) అయితే వచ్చిన ఫ్లూ ఆసుపత్రి దాకా తీసుకుపోకుండా ఆపడంలో కూడా ఇది పనిచేస్తుంది, నాలాంటిదానికి కావాల్సింది ముఖ్యంగా అదే.

మన ఊరి సంగతి కూడా లెక్కలోకి తీసుకున్నాను. శ్రీనగర్‌లో ఫ్లూ జనవరి-మార్చి చలిలో పెరుగుతుంది, ఢిల్లీ, పుణె వైపు జులై నుంచి వానల్లో పెరుగుతుంది. తిరుపతికి ఆ ఊళ్లన్నిటి నుంచీ రోజూ వేలమంది వస్తారు, రైల్వే స్టేషన్‌లో దిగుతారు, కొండమీద దర్శనం క్యూ కంపార్ట్‌మెంట్లలో గంటల తరబడి పక్కపక్కన కూర్చుంటారు. మా ఆయన పనిచేసే షాపు స్టేషన్ దగ్గరే. నేను ఇంట్లో కూర్చున్నా వైరస్ ఆయన వెంట ఇంటికి రాగలదు. అందుకే వానలు ముదిరేలోపు వేయించుకుందామనుకున్నాను, యాంటీబాడీలు తయారవడానికి రెండు వారాలు పడుతుంది కూడా.

జులై మొదటి వారంలో వేయించుకున్నాను. చెయ్యి రెండు రోజులు సలిపింది, ఆ రాత్రి ఒళ్లు కాస్త వెచ్చబడింది. అరగంట క్లినిక్‌లోనే కూర్చోబెట్టారు. ఆయాసం రాలేదు, కానీ నా ఒక్కదానికి రాలేదన్నది రుజువు కాదని పైన నేనే రాశాను కదా.

డాక్టరమ్మ ఇంకో విషయం చాలా గట్టిగా చెప్పారు. కడుపుతో ఉన్నామని రోజూ పీల్చే స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌ని చెప్పాపెట్టకుండా మానేసేవాళ్లు చాలామంది ఉన్నారట. దయచేసి ఆ పని చేయకండి. గర్భంలో ఏళ్లుగా వాడి చూసిన మందులవి, వాటిలో బుడెసొనైడ్ అనే మందు గురించైతే ఎక్కువ సమాచారం ఉంది. మందు వల్ల కంటే అదుపు తప్పిన ఉబ్బసం వల్లే బిడ్డకు ముప్పు ఎక్కువ. ఫ్లూ సూది వేయించుకుని ఇన్‌హేలర్ మానేస్తే ఒక తలుపు మూసి ఇంకో తలుపు తీసి పెట్టినట్టే.

టీకా ఆపలేని ఆ మిగిలిన సగానికి కూడా ఏర్పాటు చేసుకున్నాం. కరోనా నాడు కొన్న ఆక్సిమీటర్‌కి కొత్త సెల్స్ వేసి మంచం పక్కన పెట్టాను. జ్వరం, ఒళ్లునొప్పులు, దగ్గు కలిసి వస్తే రెండు రోజులు చూద్దామని ఆగకుండా అదే రోజు డాక్టరమ్మకు ఫోన్ చేయాలి, ఎందుకంటే ఫ్లూకి ఇచ్చే ఒసెల్టమివిర్ మందు, లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు వేసుకుంటేనే బాగా పనిచేస్తుంది, గర్భిణులకు కూడా ఇస్తారు. ఆక్సిమీటర్‌లో అంకె 95 కంటే తగ్గినా, పంపు పీల్చినా ఆయాసం తగ్గకపోయినా, బిడ్డ కదలిక తగ్గినట్టు అనిపించినా ఫోన్ కూడా కాదు, నేరుగా ఆసుపత్రికే. ఇదంతా ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను. అత్తయ్య దాన్ని రెండుసార్లు చదివి, కింద ఆటో అబ్బాయి నంబరు కూడా రాయించారు.