కొండ నిటారైన చోట గీత పడుకుంటుంది

తిరుపతి

చిరంజీవులకు తాత ఆశీస్సులు.

మనం అలిపిరి నుంచి కొండెక్కిన రోజు మీరు మెట్లూ నిమిషాలూ రాసుకున్న కాగితం నా దగ్గరే ఉండిపోయింది. దానికి గ్రాఫు గీయమంటే ఇద్దరూ కొండ బొమ్మ గీశారు. మోకాళ్ల పర్వతం రాగానే గీతను నిలువునా పైకి లేపారు. ఆ రోజు బస్సుకు వేళయి వివరంగా చెప్పలేకపోయాను.

ఎక్స్ అక్షం మీద నిమిషాలు, వై అక్షం మీద ఎక్కిన మెట్లు పెట్టుకున్నాం. నిమిషానికి 25 మెట్ల చొప్పున ఎక్కితే 10 నిమిషాలకు 250, 20 నిమిషాలకు 500. చుక్కలన్నీ మూలబిందువు నుంచి బయలుదేరే ఒకే సరళరేఖ మీదికి వస్తాయి. ఏ నిమిషంలోనైనా పెరిగేది 25 మెట్లే కనుక గీత వంగదు. అదే వేగం నిలిస్తే మొత్తం 3,550 మెట్లకు 142 నిమిషాలు చాలు.

మరి మోకాళ్ల పర్వతం దగ్గర ఏం జరిగింది? మెట్లు నిటారుగా ఉన్నాయి, మీ కాళ్లు అలిసిపోయాయి. నిమిషానికి 8 మెట్లు ఎక్కడమే గగనమైంది. అంటే పది నిమిషాలకు 80 మెట్లే. కొండ లేచిన చోటే మీ గీత పడుకోవాలి! గీత వాలు చూపేది కొండ ఎత్తును కాదు, మీ వేగాన్ని. గాలిగోపురం దగ్గర కూర్చున్న పావుగంటకు చిన్నవాడు గీతను సున్నాకు దించేశాడు. నాయనా, అలా దించితే నువ్వు మళ్లీ అలిపిరికి దిగిపోయినట్టు. నిమిషాలు గడిచాయి, మెట్లు పెరగలేదు, కాబట్టి అక్కడ గీత అడ్డంగా సాగాలి.

ఇప్పుడు నాకు ఎంతో ఇష్టమైన లెక్క. మీ అవ్వ నిమిషానికి 10 మెట్ల చొప్పున మీకంటే గంట ముందే బయలుదేరిందనుకోండి. మీరు మొదటి మెట్టు ఎక్కేసరికి ఆమె 600 మెట్లు దాటి ఉంటుంది. ఆమె గీత వై అక్షం మీద 600 దగ్గర మొదలవుతుంది. మీ గీత 40వ నిమిషంలో, 1,000వ మెట్టు దగ్గర దాన్ని తాకుతుంది. అక్కడ తొందరపడి 1,000ని 40తో భాగించి, అవ్వ వేగం కూడా 25 అనకండి. ఆ 40 నిమిషాల్లో ఆమె ఎక్కింది 400 మెట్లే. పెరిగినదాన్ని పట్టిన సమయంతో భాగించాలి. అదే వాలు, అదే రేటు.

రెండు గీతలనూ ఒకే కాగితం మీద, ఒకే స్కేలుతో గీయండి. గళ్ల విలువ మారితే నెమ్మదైన నడక కూడా నిటారుగా కనిపిస్తుంది.

మీ కాగితం ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. కొత్త గీత గీసి పంపండి, ఎదురుచూస్తుంటాను.

మీ తాత