చెరువులో ఎవరూ విషం కలపలేదు: తొలకరి వరద గురించి కొన్ని అపోహలు

జూన్ వచ్చిందంటే తెల్లవారకముందే నా ఫోను మోగుతుంది. "సార్, రాత్రి మా చెరువులో ఎవరో విషం కలిపారు. చేపలన్నీ తేలిపోయాయి." హైదరాబాద్ చుట్టుపక్కల చెరువుల నీటిని ఇరవై ఏళ్లుగా పరీక్షిస్తున్నాను. ఊరు మారుతుందే గాని ఈ మాట మారదు. నేను కట్ట ఎక్కేలోగా వాట్సాప్‌లో నేరస్థుడు కూడా ఖరారైపోయి ఉంటాడు. ఒక ఏడాది ట్యాంకరు డ్రైవరు, ఇంకో ఏడాది పక్క కాలనీవాళ్లు.

అపోహ: తొలి వానకు చేపలు చచ్చాయంటే విషప్రయోగమే.

లారీ ఆపి రసాయనాలు వదిలి పోయేవాళ్లు లేరని అనను, అలాంటి కేసులూ చూశాను. కానీ తొలకరి మర్నాడు నేను చూసిన చావుల్లో చాలావరకు ఊపిరాడక జరిగినవే.

ఎండాకాలం చివరికి చెరువు నడుము లోతుకు దిగి, వేడెక్కి ఉంటుంది. వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువ నిలుస్తుంది. పైన పరుచుకున్న పచ్చని నాచు పగలు దాన్ని ఇస్తుంది, రాత్రి తనూ పీల్చుకుంటుంది. సరిగ్గా అప్పుడు వాన పడుతుంది. నెలల తరబడి రోడ్ల మీద, కాలువల్లో పేరుకున్న మట్టి, బండి నూనె, కుక్కల పెంట, హోటళ్ల జిడ్డు, నల్లగా కుళ్లుతున్న మురుగు, అంతా మొదటి అరగంటలోనే ఊడ్చుకొని వచ్చి పడుతుంది. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ఉన్న కాస్త ప్రాణవాయువునూ తినేస్తాయి. పైగా మబ్బు పట్టిన రోజు నాచు కూడా సరిగా పని చేయదు.

చేపలకు పనికొచ్చే నీటికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన కనీస హద్దు లీటరుకు 4 మిల్లీగ్రాముల ప్రాణవాయువు. ఒకసారి ఉదయం అయిదింటికి మీటరు ముంచితే 0.6 చూపింది. అదే రోజు పదకొండింటికి, ఎండ కాశాక, అధికారులు పట్టిన సీసాలో 5 దాటింది. నివేదికలో 'సాధారణం' అని రాశారు. అది తప్పు కూడా కాదు, ఆ వేళకు అంతే ఉంది. "చూశారా, కేసు మూసేస్తున్నారు" అని పుకారుకు ఇంకో కాలు మొలిచింది.

ఆ రోజు నాకంటే ముందే విషయం పట్టుకున్నది మత్స్యకార సంఘంలో ఒక పెద్దాయన. చచ్చిన బొచ్చెల్నీ రోహుల్నీ వలతో ఒడ్డుకు లాగుతూ, "కొరమీను ఒక్కటీ లేదు సారూ ఇందులో" అన్నాడు. కొరమీను పైకొచ్చి గాలి పీల్చుకోగలదు, అందుకే బతికింది. విషమైతే దాన్నీ వదిలేది కాదు. ఏడాది కష్టం ఒడ్డున కంపు కొడుతుంటే కూడా ఆయన చూడాల్సింది చూశాడు. అలాంటివాళ్ల ముందు నిలబడి "ఇది సహజమే" అనడానికి నాకు నోరు రాదు. నిజానికి ఇది సహజమూ కాదు.

ఆ కుళ్లు ఎక్కడిది? ఈ పుకారు జనానికి తెచ్చే అసలు నష్టం ఈ ప్రశ్న దగ్గరే. ఒక కాలనీవాళ్లు చందాలు వేసుకొని, విషం కలిపేవాణ్ని పట్టుకోవడానికి చెరువు కట్ట మీద సీసీ కెమెరాలు పెట్టించారు. మరుసటి జూన్‌లోనూ చేపలు చచ్చాయి. కెమెరాల్లో ఎవరూ లేరు. నేను నాలా వెంట వెనక్కి నడుచుకుంటూ పోతే, చందాలు వసూలు చేసిన అపార్ట్‌మెంటు వెనకే ఆరంగుళాల గొట్టం, వాన లేని రోజున కూడా, వాన నీటి కాలువలోకి సబ్బు నురగ వదులుతోంది. కార్యదర్శి గారు నిజంగానే ఆశ్చర్యపోయారు: "అదంతా శుద్ధి కేంద్రానికే పోతుంది కదండీ?"

పోదు. రోడ్డు పక్క ఇనుప జాలీలో పడింది నేరుగా చెరువుకు పోతుంది. మధ్యలో ఏ శుద్ధి కేంద్రమూ లేదు. హుస్సేన్‌సాగర్‌కు వచ్చే కూకట్‌పల్లి నాలాలో వాన లేనప్పుడు పారే మురుగును అడ్డగించి మళ్లిస్తారు. పెద్ద వానకు మాత్రం నాలా ఆ అడ్డు దాటి చెరువులోకే దూకుతుంది. అలా దూకకుండా ఆపడమూ కుదరదు. రెండు సెంటీమీటర్ల వానకు ఒక్క ఎకరం సిమెంటు నేల మీద పడేది సుమారు 80 వేల లీటర్లు, అంటే ఎనిమిది పెద్ద ట్యాంకర్లు. వందల ఎకరాల నీరు గంటలో వస్తే ఏ శుద్ధి కేంద్రం మింగుతుంది?

కాబట్టి పని వానకు ముందే జరగాలి. ఆ గొట్టాలు మూయాలి. మే నెలలో కాలువల పూడిక తీయాలి. తీసిన పూడికను అదే కాలువ గట్టున కుప్ప పోసి పోతే (ఏటా చూస్తున్నాను) మొదటి వానకే అది మళ్లీ లోపలికి జారుతుంది. అదే రోజు బండెక్కించాలి. చోటుంటే నాలా చెరువులో కలిసేచోట ఒక చిన్న మడుగు తవ్వి జమ్ము, తుంగ పెంచితే మొదటి బురద అక్కడే దిగుతుంది. ఆ మడుగునూ ఏటా తోడాలి, లేకపోతే అదే ఇంకో మురికిగుంట.

మిగతావి గబగబా.

నాలాలన్నీ మళ్లించేస్తే చెరువు శుభ్రం: వాన నీటినీ మళ్లిస్తే చెరువే ఉండదు.

చుట్టూ రాళ్లు పరిచి నడక దారి వేస్తే చెరువు బాగుపడినట్టే: మోకాళ్లకు మంచిది. నీటికి సంబంధం లేదు.

గుర్రపుడెక్క తీసేస్తే చాలు: తీయండి, కానీ ఒడ్డున కుళ్లనివ్వకండి. మురుగు ఆగనంత కాలం అది మళ్లీ వస్తుంది.

చేపలు చచ్చాక బ్లీచింగ్ చల్లాలి: దయచేసి వద్దు. మిగిలినవీ పోతాయి. చచ్చినవాటిని తీసి పూడ్చండి. ఎంత తాజాగా కనిపించినా వండుకోవద్దు, పిల్లల్ని నీళ్లలోకి పంపవద్దు. మొదటి పెద్ద వాన పడ్డ రాత్రి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే నాకు అప్పుడే, నాలుగింటికైనా సరే, ఫోను చేయండి. పదకొండింటికి చేస్తే నా మీటరు కూడా సాధారణమనే చెబుతుంది.