టేకు, శ్రీగంధం, ఎర్రచందనం తోటల్లో పెట్టుబడి: బ్రోషర్ చెప్పేది, కలప అడితి చెప్పేది

నిలబడి ఉన్న చెట్లను కొలిచి, అందులో ఎంత కలప ఉందో, దానికి ఎంత పలుకుతుందో చెప్పడం నా వృత్తి. చెట్లు అమ్మేముందు రైతులు పిలుస్తారు. ఆస్తి పంచుకునేటప్పుడు అన్నదమ్ములు పిలుస్తారు. ఈమధ్య మాత్రం వాట్సాప్‌లో బ్రోషర్ల ఫొటోలే ఎక్కువ వస్తున్నాయి. కింద "అన్నా, ఇది నిజమేనా?" అని ఒక ముక్క. సదాశివపేట, జహీరాబాద్, నారాయణఖేడ్ వైపు ఐదు గుంటలో పది గుంటలో భూమి, అందులో మూడు రకాల్లో ఏదో ఒక తోట, పోషణ అంతా కంపెనీదే, పదిహేనేళ్లకు కోటి. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే జవాబులే ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

అపోహ: ఎకరాకు 435 చెట్లు, చెట్టుకు పది అడుగులు, అడుగు మూడు వేలు. మొత్తం కోటీ ముప్పై లక్షలు.

గుణకారంలో తప్పు లేదు. పది అడుగులకు పది అడుగుల ఎడంతో నాటితే ఎకరాకు 435 మొక్కలే పడతాయి. కలప వ్యాపారంలో అడుగంటే ఘనపుటడుగు, అదీ సరే. చిక్కల్లా మొదటి రెండు అంకెలతోనే. అన్ని చెట్లూ ఉండాలి, ప్రతి చెట్టూ అంత లావూ కావాలి అంటే ఆ నేల ఒప్పుకోదు.

టేకు ఎండ కోసం పోట్లాడే చెట్టు. పక్క చెట్టు కొమ్మలు తగిలిన రోజు నుంచి ఎత్తు పెరుగుతుంది గానీ లావెక్కడం మందగిస్తుంది. అందుకే అటవీ శాఖ తోటల్లో రెండు మీటర్ల ఎడంతో హెక్టారుకు 2500 మొక్కలు నాటి, విడతలు విడతలుగా పలచన చేస్తూ పోతారు. చివరి కోతకు మిగిలేది సుమారు పదో వంతు. పలచన చేసినప్పుడు తీసినవి గుంజలుగా, వాసాలుగా పోతాయి, వాటికొచ్చేది చిల్లర డబ్బే. బ్రోషర్‌లో పలచన అన్న మాటే కనబడదు. కొనుక్కున్నాయన తన యాభై నాలుగు చెట్లలో (ఐదు గుంటలకు వచ్చేవి అన్నే) సగం కొట్టేస్తామంటే ఊరుకుంటాడా మరి?

ఇంకో వైపు నుంచి చూద్దాం. 435 చెట్లు, పదేసి అడుగులు అంటే ఎకరాకు 4350 ఘనపుటడుగులు. దాన్ని హెక్టారుకు, ఘనపు మీటర్లకు మార్చి పదిహేనేళ్లతో భాగిస్తే ఏడాదికి 20 ఘనపు మీటర్ల ఎదుగుదల. మన దేశపు టేకు తోటల్లో ఆ సగటు 10 దాటడమే అరుదు. 1840ల్లో బ్రిటిష్ వాళ్లు కేరళలోని నిలంబూరులో టేకు తోటలు మొదలుపెట్టిన నాటి నుంచి ఈ చెట్టును కొలుస్తూనే ఉన్నారు. లెక్కలకు కొదవ లేదు, చూసేవాళ్లే తక్కువ.

ఇక చెట్టు దగ్గరికి వెళదాం. దుంగ నడుమ టేపు చుట్టి చుట్టుకొలత తీస్తాం. దాన్ని నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే హెచ్చించి, పొడవుతో హెచ్చిస్తాం. అంగుళాలు, అడుగులు కలిశాయి కాబట్టి 144తో భాగిస్తాం. డ్రిప్ వేసి బాగా చూసుకున్న పన్నెండేళ్ల చెట్టు నడుమ 20 అంగుళాలు, నిటారు మాను 20 అడుగులు వచ్చిందనుకోండి. ఐదైదులు ఇరవై ఐదు, ఇంటూ 20, బై 144. మూడున్నర అడుగులు. అదే చెట్టు పది అడుగులు ఇవ్వాలంటే నడుమ 34 అంగుళాలు ఉండాలి. ఆ పద్నాలుగు అంగుళాలు రావడానికి ఎన్నేళ్లు పడుతుందన్నదే ఈ వ్యాపారం మొత్తం.

ఇంకో సంగతి: ఈ పావు చుట్టుకొలత పద్ధతి అసలు ఘనపరిమాణం కంటే ఐదో వంతుకు పైగా తక్కువ చూపిస్తుంది. ఆ తేడా కొనేవాడి వాటా. ఎప్పటి నుంచో అంతే, దాని మీద ఎవరూ గొడవపడరు. కానీ బ్రోషర్ వేసినాయన బడిలో నేర్చుకున్న గుండ్రటి స్తంభం సూత్రం వాడి ఉంటే మీ కలపలో ఐదో వంతు కాగితం మీదే ఉండిపోతుంది.

అపోహ: బజార్లో టేకు అడుగు మూడు నాలుగు వేలు. మన చెట్టుకూ అదే ధర.

ఆ ధర కోసిన, ఆరిన, తెల్ల చెక్క తీసేసిన, లావు మానుల నుంచి వచ్చిన సైజు కలపకు, అదీ షాపులో. మీది నిలబడి ఉన్న చెట్టు. మధ్యలో నరికే కూలి, అనుమతులు, లారీ, కోత మిల్లు ఉన్నాయి. మిల్లులో దుంగ పెడితే సైజు కలపగా బయటికి వచ్చేది దాదాపు సగం. మిగతాది పెచ్చులు, రంపపు పొట్టు.

అసలైన దెబ్బ చేవ (మాను లోపలి గట్టి చెక్క) దగ్గర పడుతుంది. తోట చూడబోతే నా సంచిలో ఒక చేతి బరమా ఉంటుంది, లోపల బోలుగా ఉండే రకం. ఛాతీ ఎత్తులో చెట్టులోకి తిప్పి వెనక్కి లాగితే పెన్సిల్ కంటే సన్నని పుల్ల ఒకటి బయటికొస్తుంది. బెరడు నుంచి నడి మాను దాకా చెట్టు చరిత్ర అంతా అందులో ఉంటుంది. పన్నెండేళ్ల టేకులో ఆ పుల్ల మీద బెరడు తర్వాత పాలిపోయిన తెలుపు పొడుగ్గా సాగి, చివర్లో ఎక్కడో తేనె రంగు మొదలవుతుంది. తేనె రంగు ఉన్నంత మేరే చేవ. చెదపురుగు దాని జోలికి రాదు, వడ్రంగి డబ్బులిచ్చేదీ దానికే. ఆ పుల్ల చేతిలో పెట్టగానే చాలామందికి బ్రోషర్ గుర్తుకు రావడం మానేస్తుంది.

అందుకే అడుగు ధర కూడా లావును బట్టి మారుతుంది. సన్న దుంగ అడుగూ లావు దుంగ అడుగూ ఒకే ధర పలకవు. చుట్టుకొలత తగ్గితే కలపా తగ్గుతుంది, ధరా తగ్గుతుంది. దెబ్బ రెండు వైపులా.

దీనికితోడు పోటీ ఒకటి. మయన్మార్ 2014 ఏప్రిల్ నుంచి ముడి దుంగల ఎగుమతి ఆపేశాక మన దేశానికి ఘనా, బెనిన్ లాంటి ఆఫ్రికా దేశాల నుంచి, ఈక్వెడార్, కోస్టారికా, పనామాల నుంచి తోట టేకు కంటైనర్లలో వస్తోంది. తమాషా ఏమిటంటే లాటిన్ అమెరికా తోటల్లో కొన్ని కూడా ఇలాంటి బ్రోషర్లతోనే అమెరికా, యూరప్ జనానికి అమ్మినవి. వాళ్ల దుంగలు చివరికి చేరేది ఎక్కువగా మన రేవులకే. జహీరాబాద్ చెట్టు ధర తేల్చేది అవి కూడా.

అపోహ (ఇది తోట టేకును తీసిపారేసేవాళ్లది): నీళ్లు పెట్టి పెంచిన టేకు బెండు, దేనికీ పనికిరాదు.

ఇదీ తప్పే. త్వరగా పెరిగినంత మాత్రాన టేకు బలహీనపడదు. తక్కువ వయసులో కొట్టేస్తే చేవ తక్కువ ఉంటుంది, అంతే. నీళ్లు, మంచి లోతైన నేల ఉన్న చెట్టు కావలసిన లావుకు ముందే చేరుతుంది కూడా. గోదావరి జిల్లాల్లో పొలం గట్ల మీద ఒంటి వరసలో పెరిగిన టేకును చూడండి. రెండు వైపులా ఎండ, కింద వరి నీళ్లు, పక్కన పోటీ లేదు. నేను కొలిచే వాటిలో మంచి చుట్టుకొలతలు అక్కడే తగులుతాయి. టిష్యూ కల్చర్ (ల్యాబ్‌లో పెంచిన) మొక్కకూ ఇదే మాట. తోట ఒక్క తీరుగా, మాను నిటారుగా వస్తుంది, కానీ ఏడేళ్లలో ఇరవై ఏళ్ల చేవ రాదు. నీరు నిలిచే నల్లరేగడిలో పెడితే అదీ రాదు.

అపోహ: ఎర్రచందనం టన్ను లక్షల్లో. ప్రభుత్వ వేలమే సాక్ష్యం.

వేలం నిజం, ధర నిజం. అయితే వేలానికి వచ్చేవి స్మగ్లర్ల నుంచి పట్టుకున్న అడవి దుంగలు. శేషాచలం, లంకమల, వెలిగొండ గుట్టల్లో రాళ్ల మధ్య దశాబ్దాల పాటు పెరిగినవి. వాటిని ఏ, బీ, సీ అంటూ గ్రేడ్లుగా విడదీస్తారు. పేపర్లో పడేది ఏ గ్రేడ్ ధర. ఆ గ్రేడ్ రావాలంటే చెక్కలో అలల్లాంటి గీతలు ఉండాలి. నాటేటప్పుడు మొక్కను చూసి ఏది అలల చెక్క ఇస్తుందో చెప్పడం ఎవరి వల్లా కాదు. పైగా ఈ చెట్టు 1995 నుంచి సైటిస్ రెండో అనుబంధంలో ఉంది. అరుదైన జీవజాతుల విదేశీ వ్యాపారాన్ని అనుమతులతో కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందం అది. ధరంతా విదేశీ కొనుగోలుదారు దగ్గర ఉంటే, అతని దాకా చేరే దారి కాగితాల మీద ఉంది. పట్టా భూమిలోదైనా నరకాలన్నా కదిలించాలన్నా అటవీ శాఖ అనుమతి తప్పదు. నర్సరీ ఆయన ఇచ్చిన మొక్కల బిల్లు, పహాణీలో చెట్ల నమోదు లేకపోతే మీ చెట్టు మీదేనని రుజువు చేసుకోవడమే ఒక పని.

అపోహ: శ్రీగంధం ఆస్ట్రేలియా వాళ్లే వేల ఎకరాల్లో వేశారు. వాళ్లకు తెలియదా?

తెలుసు. అందుకే ఆ కథ చివరి దాకా వినాలి. పశ్చిమ ఆస్ట్రేలియాలోని కునునుర్రాలో, ఆర్డ్ నది కాలువల కింద, మన శ్రీగంధాన్నే టీఎఫ్ఎస్ అనే కంపెనీ పెట్టుబడి పథకాలుగా అమ్మింది. 2017లో పేరు క్వింటిస్ అని మార్చుకుంది. చెట్లు ఇంకా నేలలో ఉండగానే వాటికి రేపు రాబోయే విలువను అంచనా కట్టి, ఆ పెరుగుదలను ఖాతాల్లో లాభంగా చూపేది. 2017 మార్చిలో గ్లాకస్ అనే అమెరికా పరిశోధన సంస్థ ఆ అంచనాలను తప్పుపడుతూ నివేదిక ఇచ్చింది. అదే ఏడాది మే నెలలో షేరు ట్రేడింగ్ ఆగింది. 2018 జనవరికి కంపెనీ, అప్పుల్లో చిక్కిన సంస్థల వ్యవహారం చూసే అడ్మినిస్ట్రేటర్ల చేతికి పోయింది. అంతకు ముందు 2009లో అదే దేశంలో టింబర్‌కార్ప్, గ్రేట్ సదరన్ అనే రెండు పెద్ద తోటల పథకాల కంపెనీలు వరసగా కూలాయి. ఎక్కడా చెట్లు మాయం కాలేదు. రాబడి అంచనాలే నిలబడలేదు.

మన దగ్గర శ్రీగంధం వేసినవాళ్లకు ఇంకో రెండు సంగతులు. ఇది సగం పరాన్నజీవి, పక్క మొక్క వేరు నుంచి తాగుతుంది. మొదట కంది, తర్వాత సరుగుడు లాంటి ఎక్కువ కాలం ఉండే తోడు మొక్క కావాలి. నేను చూసిన కొన్ని ప్లాట్లలో ఫొటోలో అందంగా పడాలని పక్క చెట్లన్నీ పీకేశారు. రెండోది దొంగలు. విలువంతా చేవలో ఉన్న నూనెదే. ఒకే రోజు నాటిన రెండు చెట్లలో ఒకదానిలో చేవ ఉండి, పక్కదానిలో లేకపోవడం మామూలే. దొంగలకూ ఆ సంగతి తెలుసు, చెట్టుకు కన్నం పెట్టి చూసి మరీ పోతారు. పదో ఏడు నుంచి కాపలా ఖర్చు ఎవరిదో ఒప్పందంలో చూడండి.

అపోహ: పది లక్షలు కోటి అవుతుంది. పదింతలు!

పదిహేనేళ్లకు పదింతలంటే ఏడాదికి 16.6 శాతం. బాగానే ఉంది. అదే కోటి 25 ఏళ్లకు వస్తే 9.6 శాతం. 25 ఏళ్లకు యాభై లక్షలే వస్తే 6.7 శాతం, ఫిక్స్‌డ్ డిపాజిట్ దగ్గరికి దిగిపోయింది. ఏటా కట్టే పోషణ ఖర్చు ఇందులో ఇంకా కలపలేదు. లావు తక్కువైతే ఇంకో ఐదేళ్లు ఆగుదాం అంటారు, ఆగడం చెట్టుకు మంచిదే. కానీ మీ శాతాన్ని తినేదీ ఆ ఐదేళ్లే.

అపోహ: భూమి మన పేరు మీద ఉంది, కాబట్టి మోసానికి చోటు లేదు.

1990ల్లో టేకు పథకాలు ఊరూరా తిరిగిన సంగతి యాభై దాటినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. చెన్నై కేంద్రంగా నడిచిన అనుభవ్ ప్లాంటేషన్స్ 1998లో కూలింది. మరుసటి ఏడే పెట్టుబడి మార్కెట్లను నియంత్రించే సెబీ, సామూహిక పెట్టుబడి పథకాల నిబంధనలు తెచ్చింది. పదిమంది డబ్బు ఒకచోట చేరి, లాభం ఆశ చూపి, నిర్వహణ పెట్టుబడిదారుడి చేతిలో లేకపోతే దానికి సెబీ దగ్గర నమోదు కావాలి. "మేం అమ్మేది భూమి, పథకం కాదు" అనే వాదన కొత్తదేమీ కాదు. 2013లో పీజీఎఫ్ అనే కంపెనీ కేసులో సుప్రీంకోర్టు, వ్యవసాయ భూమి అమ్మకం, అభివృద్ధి పేరుతో నడిచిన ఆ వ్యాపారం కూడా సామూహిక పెట్టుబడి పథకమేనని తేల్చింది. రిజిస్ట్రేషన్ కాగితం భూమికి సాక్ష్యం, రాబడికి కాదు.

పన్ను, ఎన్నారైలు. వ్యవసాయ ఆదాయం కాబట్టి పన్నే ఉండదంటారు. దున్ని, నాటి, సాకి పెంచిన చెట్టుకే ఆ మినహాయింపు అని 1957లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మీరు కేవలం డబ్బు కట్టి, సాగంతా కంపెనీ చేస్తుంటే మీకొచ్చేది ఏ ఆదాయమో ముందే ఆడిటర్‌ని అడగండి. అమెరికా నుంచి రాసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు: ఎన్నారైలు, ఓసీఐ కార్డు ఉన్నవాళ్లు (విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లు) మన దేశంలో వ్యవసాయ భూమి గానీ తోట భూమి గానీ కొనడానికి ఫెమా (విదేశీ మారక ద్రవ్య చట్టం) నిబంధనలు ఒప్పుకోవు. వారసత్వంగా రావడం వేరు. అమ్మానాన్నల పేరు మీద కొనిపిద్దామనే సలహా మార్కెటింగ్ అబ్బాయి ఇస్తాడు, దాని తర్వాతి చిక్కులకు అతను ఉండడు.

మరి అడగాల్సింది ఏమిటి? మొక్కల ఫొటోలు వద్దనండి. కంపెనీ వేసిన తోటల్లో అన్నింటికన్నా పాతది ఏదో అడగండి. అందులో ఒక వరసలో వంద చెట్లు, ఏరకుండా, ఛాతీ ఎత్తు చుట్టుకొలతలతో మూడు నాలుగేళ్ల పట్టీ ఇమ్మనండి. చచ్చిన చెట్టు దగ్గర సున్నా వేయమనండి. ఒక ఏడాది అంకెకూ మరుసటి ఏడాది అంకెకూ మధ్య తేడాయే ఆ ఏడాది ఎదుగుదల. అది ఏటేటా బాగా తగ్గుతూ వస్తుంటే చాలావరకు తోట ఇరుకైంది, పలచన చేయలేదు. పట్టీయే లేదంటే ఆ చెట్లను ఇంతవరకు ఎవరూ కొలవలేదు, రాబడి అంకె ఇంకెక్కడి నుంచో వచ్చింది.