కెర్నల్‌లో లైన్లు తగ్గితే మానిటరింగ్ తగ్గినట్టేనా? అపోహలు - వాస్తవాలు

మొన్న రాత్రి పదకొండు దాటాక మా టీంలో కొత్తగా చేరిన అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, 6.1 కెర్నల్‌లో డేమన్ కోడ్ పీకేశారు. అప్‌గ్రేడ్ ఆపేద్దామా?" గొంతు నిండా టెన్షన్. డేమన్ (DAMON) అంటే లినక్స్ కెర్నల్‌లో, ఏ మెమరీ పేజీలు (మెమరీని విడగొట్టే చిన్న ముక్కలు) వాడుకలో ఉన్నాయో గమనించే భాగం. 5.15, 6.1 అనేవి కెర్నల్ వెర్షన్లు. 5.15లోని వర్చువల్ మెమరీ (ప్రోగ్రాంలకు కనిపించే మెమరీ) ఫైల్‌ను, 6.1లోని అదే ఫైల్‌ను పక్కపక్కన పెట్టుకుని చూసిందట. యాక్సెస్ బిట్ (పేజీని ముట్టారని చెప్పే గుర్తు) చెరిపే ఫంక్షన్ కొత్త దాంట్లో లేదు. ఇలాంటి కంగారు ఫోన్లు నాకు తరచూ వస్తుంటాయి. భయపడటం తప్పు కాదు. సోర్సు చూడకుండా "ఫీచర్ తీసేశారట" అని గ్రూపుల్లో పుకార్లు పంపేవాళ్ల మీదే నా కోపం.

అపోహ: లైన్లు తగ్గాయంటే మానిటరింగ్ తగ్గింది.

వాస్తవం: ఆ ఫంక్షన్ ఎక్కడికీ పోలేదు. 5.15లో డేమన్ మొదటిసారి వచ్చినప్పుడు వర్చువల్ మెమరీని మాత్రమే గమనించేది. 5.16లో ఫిజికల్ మెమరీ (అసలు ర్యామ్) కూడా చేరింది. రెండింటికీ కావాల్సిన పని ఒకటే కాబట్టి ఆ ఫంక్షన్లను ఉమ్మడి ఫైల్‌లోకి మార్చారు. సోర్సు మొత్తం మీద గ్రెప్ (పదం వెతికే కమాండ్) కొట్టమన్నాను. అర నిమిషంలో దొరికింది.

ఒకే కోడ్ రెండు చోట్ల ఉంటే ఏమవుతుందో నేను అనుభవించాను. పాత కంపెనీలో మేం సొంతంగా రాసుకున్న మానిటర్‌లో పేజీ చెక్ రెండు ఫైళ్లలో ఉండేది. 2 ఎంబీ హ్యూజ్ పేజీల యాక్సెస్ బిట్ పేజీ టేబుల్‌లో కింది మెట్టు పీటీఈలో కాదు, పై మెట్టు పీఎండీలో ఉంటుంది. పీఎండీని కూడా చూసే ఫిక్స్ ఒక ఫైల్‌లో పెట్టి, రెండోది మర్చిపోయాను. నిమిషం నిమిషం వాడుతున్న డేటాబేస్ పేజీలు ఎవరూ ముట్టనట్టు కనిపించాయి. వాటిని స్వాప్‌లోకి (ర్యామ్ నుంచి డిస్కు మీదికి) తోసేశాం. సర్వర్ నత్తనడక. కారణం దొరకడానికి నాలుగు రోజులు పట్టింది. అందుకే కోడ్ ఒకచోటికి చేరిందంటే నాకు ధైర్యం. పుకారు నమ్మి పాత కెర్నల్ పట్టుకుని కూర్చుంటే, దాని సపోర్ట్ ముగిశాక సెక్యూరిటీ ఫిక్సులు కూడా అందవు.

అపోహ: ప్రతి పేజీనీ చూస్తుంది, సీపీయూ తినేస్తుంది.

వాస్తవం: 64 జీబీలో 4 కేబీ పేజీలు 1.67 కోట్లకు పైనే. డేమన్ వాటిని రీజియన్లుగా విడగొట్టి, ఒక్కో రీజియన్‌లో ఒక్క పేజీనే చూస్తుంది. డిఫాల్ట్‌గా రీజియన్లు 10 నుంచి 1000, శాంప్లింగ్ 5 మిల్లీసెకన్లకోసారి. ర్యామ్ పెరిగినా ఆ పరిమితి మారదు.

అపోహ: మన డేటా చదువుతుంది.

వాస్తవం: చదవదు. పేజీని ముట్టారా లేదా, అంతే.

నిజంగా పోయేవీ ఉంటాయి. డేమన్‌కు సెట్టింగులు ఇవ్వడానికి మొదట డీబగ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైళ్ల ఇంటర్‌ఫేస్ ఉండేది. 2022లో 5.18తో దాని బదులు సిస్‌ఎఫ్‌ఎస్ అనే ఇంటర్‌ఫేస్ వచ్చింది. పాతదాన్ని వాడొద్దని ముందే చెప్పి, ఆ తర్వాతి కెర్నల్స్‌లో తీసేశారు. ఫోన్ చేసిన ఆ అమ్మాయి తెల్లారి స్క్రిప్టులన్నీ వెతికితే రెండు ఇంకా డీబగ్‌ఎఫ్‌ఎస్‌లోనే రాస్తున్నాయి. మధ్యాహ్నానికి రెండూ సిస్‌ఎఫ్‌ఎస్‌కి మార్చేసింది. టెస్ట్ సర్వర్‌లో ఇప్పుడు 6.1 నడుస్తోంది.