పాత బ్లాకు తెరవాలా? ఓపీలో రోజూ వినే అపోహలు

పోయిన సోమవారం ఒక అబ్బాయి యాంజియోగ్రామ్ సీడీ నా టేబుల్ మీద పెట్టి, కూర్చోకుండానే మొదలుపెట్టాడు. "సార్, నాన్నకు గుండె కుడి రక్తనాళం వంద శాతం మూసుకుపోయిందట. వెంటనే తెరవకపోతే ఏ క్షణాన ఏమవుతుందో చెప్పలేమన్నారు. పొలం తాకట్టు పెట్టేశాను." రెండు రాత్రులుగా నిద్ర లేదని ముఖమే చెబుతోంది. నాన్నగారేరీ అంటే, లిఫ్టు దగ్గర రద్దీగా ఉందని మెట్లెక్కి వస్తున్నారట. మా ఓపీ మూడో అంతస్తు.

అపోహ: వంద శాతం బ్లాకు అంటే గుమ్మంలో గుండెపోటే.

వాస్తవం: మూడు నెలలు దాటి పూర్తిగా మూసుకున్న నాళం, అంటే మేము సీటీఓ అనేది, ఇంకా కొత్తగా మూసుకోవడానికేముంది? గుండెపోటు ఎక్కువగా వచ్చేది కొంత పూడిన నాళంలో కొవ్వు పొర చిట్లి, దాని మీద రక్తం గడ్డకట్టినప్పుడు. అక్కడ నిమిషాల లెక్క. ఉన్నట్టుండి ఛాతీ బిగబట్టి చెమటలు పడితే ఇది చదువుతూ కూర్చోకండి, 108కి ఫోను చేయండి. ఆ తొందరను తెచ్చి ఏళ్లనాటి బ్లాకుకు అంటగడితేనే నాకు ఒళ్లు మండుతుంది.

సీడీ వేసి చూపించాను. ఎడమ నాళంలోకి రంగుమందు ఎక్కించగానే వెంట్రుకల్లాంటి కొమ్మల గుండా అది కుడి నాళం చివరకు వెనుక నుంచి పాకింది. పెద్ద కాలువ పూడితే పిల్లకాలువలు చేనును తడిపినట్టు. అయితే కూర్చున్నప్పుడు సరిపోయే ఆ నెత్తురు, బరువెత్తితే చాలకపోవచ్చు. అందుకే ముందు అడగాల్సింది మనిషిని: మందులు సరిగా వాడుతున్నా నడిస్తే నొప్పి, ఆయాసం వస్తున్నాయా? వస్తుంటే వైరు పంపి, స్టెంటు (నాళాన్ని తెరిచి ఉంచే సన్నని జాలీ గొట్టం) వేసి తెరవడం మేలే. 2018 నాటి యూరో సీటీఓ అధ్యయనంలో అలా తెరిచినవారికి నొప్పి బాగా తగ్గింది. ఆయుష్షు పెరుగుతుందని మాత్రం మాట ఇవ్వలేను. 2019లో వెలువడిన డెసిషన్ సీటీఓ అధ్యయనంలో తెరిచినవారికీ, మందులతోనే ఉన్నవారికీ మధ్య మరణాల్లో, గుండెపోట్లలో తేడా కనిపించలేదు. ప్రమాదమే లేదనడం లేదు. దాన్ని తగ్గించేవి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర, ఆస్పిరిన్, బీపీ, షుగరు అదుపు, బీడీ మానడం.

అపోహ: పాత బ్లాకు తెరుచుకోదు. వాస్తవం: చేయి తిరిగినవారి దగ్గర పదింట ఎనిమిది, తొమ్మిది తెరుచుకుంటాయి. కానీ గంటల పని. వైరు నాళాన్ని చీల్చవచ్చు, రంగుమందు కిడ్నీలను దెబ్బతీయవచ్చు. ఊరికే చేయించుకునేది కాదు.

అపోహ: స్టెంటే దారి. వాస్తవం: షుగరు ఉండి మూడు నాళాలూ పూడితే చాలామందికి బైపాసే మెరుగు.

అపోహ: అల్లం, వెల్లుల్లి, నిమ్మరసం కషాయం బ్లాకును కరిగిస్తుంది. వాస్తవం: కరిగించదు. దాన్ని నమ్మి మాత్రలు ఆపినవారిని చూశాను, అదే నా బాధ.

ఇంతలో పెద్దాయన వచ్చారు. నొప్పి ఉందా అంటే, "ఎరువు బస్తా ఎత్తినప్పుడు కాస్త పట్టేసినట్టుంటుందండీ, దించితే పోతుంది" అన్నారు. ఎకోలో (గుండె స్కానింగులో) పంపింగ్ బాగుంది, మిగతా నాళాలు శుభ్రం. మాత్రలు రాసి, బస్తాలు మోయవద్దని చెప్పి, ఆరు వారాలకు రమ్మన్నాను. అప్పటికీ పట్టేస్తుంటే తెరిచే సంగతి మాట్లాడదామన్నాను. కొడుకు మూడోసారి అడిగాడు: "అయితే ఈ రాత్రికి నిద్రపోవచ్చా సార్?" పోవచ్చన్నాను. లిఫ్టు పిలుద్దామని అతను బయటికి పరుగెత్తేసరికి, తండ్రి అప్పటికే మెట్లు దిగుతున్నారు.